బయటి కీబోర్డు యాప్‌లు: ఉంచాలా, పీకేయాలా?

క్లాక్‌టవర్_నెట్:
నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర నాది చిన్న నెట్ సెంటర్. హాల్ టికెట్, కులం సర్టిఫికెట్, భూభారతి, పెన్షన్ వాళ్ల లైఫ్ సర్టిఫికెట్, ఏ పనికి వచ్చినా జనం ముందు ఫోన్ తీసి నా చేతిలో పెడతారు. ఈ మధ్య ఏ ఫోన్ చూసినా కీబోర్డు మీద గులాబీ పూలు, హీరో బొమ్మ, అక్షరం నొక్కితే నీటి బొట్టు శబ్దం. ఎవరు వేశారంటే "మా మనవడు".

కీబోర్డు అంటే ఏందో ఒకసారి ఆలోచించండి. మీరు కొట్టే ప్రతి అక్షరం దాని చేతిలోంచే పోవాలి. వాట్సాప్ మెసేజ్‌కి తాళం ఉంటుందని అందరికీ ధీమా. ఆ తాళం పడేది రాసి పంపినాక. రాసేటప్పుడు కీబోర్డు పక్కనే కూర్చుని చూస్తుంటుంది. ఫోన్‌తో రాకుండా మనం వేసుకున్న బయటి కీబోర్డు ఆన్ చేసేటప్పుడు ఫోనే చెబుతుంది, ఇది మీ పాస్‌వర్డులు, కార్డు నంబర్లతో సహా అంతా సేకరించగలదని. ఎవరు చదువుతారు? ఓకే కొట్టేస్తారు.

ఊరికే భయపెట్టడం లేదు. 2017 డిసెంబరులో ఏఐ.టైప్ అనే కీబోర్డు కంపెనీ డేటాబేస్ పాస్‌వర్డు కూడా లేకుండా నెట్‌లో తెరిచి ఉందని బయటపడింది. 3.1 కోట్ల మంది వివరాలు, 577 జీబీ. పేర్లు, ఈమెయిళ్లు, వాళ్ల ఫోన్లలోని కాంటాక్టులు కూడా.

నా మాట ఒకటే. ఫోన్‌తో వచ్చిన కీబోర్డు ఉంచుకోండి, మిగతావి పీకేయండి. నేనైతే కౌంటర్ దగ్గరే తీసేస్తున్నా.

ఉప్పు_కారం:
మా ఇంట్లో ఫోన్లో ఒకటి ఉంది. రెండు మాటలకు ఒక యాడ్. డేటా పోతే పోనీ, ఆ యాడ్ పోతే చాలు.

పిల్లలమర్రి_నీడ:
అన్నా, ఫోన్‌తో వచ్చింది ఇంటి మనిషి, బయటినుంచి వచ్చింది దొంగ అనే లెక్క ఎక్కడిది? 2024 ఏప్రిల్‌లో టొరంటో యూనివర్సిటీ సిటిజన్ ల్యాబ్ తొమ్మిది కంపెనీల కీబోర్డులు పరీక్షించింది. ఎనిమిదింటిలో లోపాలు దొరికాయి, ఒక్క హువావే దాంట్లో మాత్రమే ఏమీ దొరకలేదు. షావోమీ, ఒప్పో, వివో ఫోన్లలో ముందే వేసి వచ్చినవి కూడా ఆ ఎనిమిదిలో ఉన్నాయి. దారిలో కాపు కాసేవాడు కొట్టిన అక్షరాలు చదవగలడని తేల్చారు. మరి ఫోన్‌తో వచ్చింది ఏం కాపాడినట్టు?

రెండో సంగతి. మహబూబ్‌నగర్‌లో తెలుగు టీచర్‌ని నేను. తెలుగు అక్షరాలే నొక్కి రాసే ఇన్‌స్క్రిప్ట్ నాకు చేతకాదు, పిల్లలకు అసలే రాదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు చేసిపెట్టే కీబోర్డు లేకపోతే మా క్లాసు గ్రూపులో ఒక్కడూ తెలుగులో రాయడు. నాకు నచ్చిన తెలుగు బయటి కీబోర్డులోనే దొరికింది. మీరు పీకేయమంటున్నది యాప్‌ని కాదు, తెలుగుని.

కోదాడ_పోరడు:
మేడం, జర ఆగండి. సిటిజన్ ల్యాబ్ చూసింది పిన్‌యిన్ కీబోర్డులను, అంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే చైనీస్ చేసేవి. ఆ లిపిలో గుర్తులు వేలల్లో ఉంటాయి కాబట్టి సూచనల కోసం కొట్టినదంతా సర్వర్‌కి పంపుతాయి, ఆ పంపడంలో లోపం దొరికింది. మన తెలుగుకి ఆ అవసరం లేదు, భాష ఒకసారి డౌన్‌లోడ్ అయితే చాలావరకు ఫోన్లోనే నడుస్తుంది. మైకు నొక్కి మాట్లాడితే వేరే సంగతి, చాలాసార్లు అది సర్వర్‌కే పోతుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పడం లేదు. ఐఫోన్‌లో బయటి కీబోర్డుకి "ఫుల్ యాక్సెస్" ఇస్తేనే నెట్ అందుతుంది, పాస్‌వర్డు పెట్టెలో ఆపిల్ సొంత కీబోర్డే వస్తుంది. ఆండ్రాయిడ్‌లో నెట్ అనుమతి అడగనే అడగదు, ఇన్‌స్టాల్ చేస్తే వచ్చేసినట్టే. ప్లే స్టోర్‌లో అనుమతుల జాబితా తెరిచి చూస్తేనే కనబడుతుంది.

మిల్లు_లెక్కలు:
మిర్యాలగూడ రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తా. ఇవన్నీ నాకు తెలియవు. నాకు తెలిసింది ఒకటే, పోయిన దసరా ముందు నా అకౌంట్లోంచి 18,400 పోయినయి. దానికి వారం ముందే కొత్త కీబోర్డు వేశా. యూపీఐ పిన్ అదే చూసింది, అదే తిన్నది.

కోదాడ_పోరడు:
అన్నా, యూపీఐ పిన్‌ని కీబోర్డు చూడలేదు. పిన్ కొట్టే పేజీ యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వాళ్లది, అంకెల కీప్యాడ్ కూడా వాళ్లదే. అనుమానం ఉంటే ఫోన్‌పే తెరిచి చూడు. నీ కీబోర్డు మీద పూలు ఉంటాయి కదా, పిన్ పేజీలో పూలు ఉండవు.

మిల్లు_లెక్కలు:
పూలు లేకపోతే చూడలేదని గ్యారంటీనా? వెనకాల ఉండి చూడొచ్చు కదా. నువ్వు ఎన్‌పీసీఐలో పని చేస్తావా తమ్మీ?

కోదాడ_పోరడు:
చేయను. కానీ ఆ పేజీ వచ్చినప్పుడు నీ కీబోర్డు తెరవబడనే తెరవబడదు. లేనిది ఎట్ల చూస్తుంది?

మిల్లు_లెక్కలు:
మరి పైసలు ఎట్ల పోయినయి?

వనపర్తి_88:
అందరి ప్రశ్నా అదే అన్నా.

మిల్లు_లెక్కలు:
నవ్వుకోండి. మా ఓనర్ ముందు నేను తలదించుకోవాల్సి వచ్చింది. లారీ కిరాయి రీఫండ్ వస్తుంది, పిన్ కొట్టి తీసుకోమని ఒకడు ఫోన్ చేసి చెప్పాడు. కొట్టా. అప్పుడే కీబోర్డు పిన్ పట్టుకుంది.

కోదాడ_పోరడు:
అన్నా... పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే పైసలు పోతయి. కీబోర్డు పాపం ఏమీ చేయలేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల్సింది.

మిల్లు_లెక్కలు:
నువ్వు ఏమన్నా అను. కీబోర్డు తీసేసినాక ఒక్క రూపాయి పోలేదు.

క్లాక్‌టవర్_నెట్:
పిన్ సంగతి వదిలేయండయ్యా, ఇరవై మెసేజ్‌లు దాని మీదే. పిన్ చూడకపోతే చూడకపోనీ. ఫేస్‌బుక్ పాస్‌వర్డు? డాక్టర్‌కి రాసిన మెసేజ్? ఆధార్ నంబర్ కాపీ చేసి పెడితే అది? ఆండ్రాయిడ్ 10 నుంచి కాపీ చేసిన మాటని మిగతా యాప్‌లు వెనకనుంచి చదవకుండా ఆపారు, నువ్వు ఎంచుకున్న కీబోర్డుని మాత్రం ఆపలేదు. మీరు దాన్ని ఎంచుకున్నారంటే గల్లాపెట్టె తాళం చెవి ఇచ్చినట్టే.

కోదాడ పోరడు మాటలన్నీ నా మాటనే బలపరుస్తున్నాయి, ఒప్పుకోవడానికి మనసు రావడం లేదంతే.

డిండి_వాగు:
నేను ఎప్పుడూ చదివి పోవడమే, రాయను. ఈసారి రాయాలనిపించింది. మీరంతా ఎక్కడో ఉన్న కంపెనీ గురించి కొట్లాడుతున్నారు. నా సంగతి ఇంట్లోనిది.

పెళ్లయి మూడేళ్లు. ఉద్యోగ పరీక్షకి ఇంట్లో చెప్పకుండా చదువుకున్నా. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలికి మెసేజ్‌లు పెట్టి ఎప్పటికప్పుడు తీసేసేదాన్ని. ఒకరోజు మా ఆడబిడ్డ వాళ్ల అమ్మకి ఏదో రాయాలని నా ఫోన్ తీసుకుంది. "కోడలు" అని రాయబోయి "కో" కొట్టగానే పైన "కోచింగ్ ఫీజు" అని వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందో ఇక్కడ రాయను. మెసేజ్‌లు తీసేశా కానీ కీబోర్డుకి గుర్తుందని నాకు తెలియదు.

అది బయటి కీబోర్డు కాదు. ఫోన్‌తో వచ్చిందే.

ఉప్పు_కారం:
అయ్యో అక్కా.

పిల్లలమర్రి_నీడ:
అమ్మా, సెట్టింగ్స్‌లో "నేర్చుకున్న పదాలు తొలగించు" అని ఉంటుంది. వ్యక్తిగత సూచనలు ఆపేసే బటన్ కూడా ఉంటుంది. ఆ ఫోన్ ఇంకా మీ దగ్గరే ఉంటే ఇప్పుడే చేయండి.

డిండి_వాగు:
చేశా మేడం, అప్పుడే వెతికి నేర్చుకున్నా. ఎవరూ చెప్పలేదు.

క్లాక్‌టవర్_నెట్:
చెల్లె, తప్పుగా అనుకోకు. ఇంట్లోవాళ్ల దగ్గర దాచాల్సిన అవసరమేముంది? ఇంట్లో చెప్పి చదువుకుంటే ఈ టెన్షనే ఉండేది కాదు. నేను చెబుతున్నది బయటి దొంగల గురించి. నీది వేరే సమస్య, దీన్ని ఇందులో కలపొద్దు.

డిండి_వాగు:
బయటి దొంగకి నా ఆధార్ నంబర్ దొరికితే నాకేమవుతుందో తెలియదు అన్నా. ఇంట్లో ఆ రెండు మాటలు దొరికితే ఏమైందో తెలుసు. మీరు చెప్పినట్టు ఇంట్లో చెప్పగలిగితే నేను మెసేజ్‌లు ఎందుకు తీసేస్తా?

పిల్లలమర్రి_నీడ:
ఇదే మీ అసలు రోగం, పెద్దమనిషీ. ఎవరికి ఏది ప్రైవేటు అనేది కూడా మీరే చెబుతారు. "కౌంటర్ దగ్గరే తీసేస్తున్నా" అని గొప్పగా రాశారు. ఎవరినడిగి తీస్తున్నారు?

మా నాన్న నల్లగొండలోనే ఉంటారు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. వాళ్ల ఊరు సాగర్ కింద మునిగింది. అక్కడి చెలకల పేర్లు, మోటబావుల పేర్లు, వాగు ఒడ్డున చెలిమెల పేర్లు గుర్తొచ్చినప్పుడల్లా ఫోన్లో రాసుకుంటారు. మొదట్లో "చెలక" అని కొడితే "చిలక" అని వచ్చేది. నాలుగేళ్లు దిద్ది దిద్ది ఆ కీబోర్డుకి వాళ్ల ఊరు మాటలు నేర్పారు. మొన్న నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం ఒక నెట్ సెంటర్‌కి వెళ్లారు. తిరిగొచ్చి చూస్తే కీబోర్డు లేదు. మళ్లీ వేస్తే మళ్లీ "చిలక". "అంకుల్, వైరస్ ఉంది తీసేశా" అన్నాడట ఆ కుర్రాడు.

క్లాక్‌టవర్_నెట్:
మా దగ్గర కుర్రాడు లేడు, నేనొక్కడినే. అది నా సెంటర్ కాదు.

పిల్లలమర్రి_నీడ:
మీదని నేను అన్నానా? మీలాంటి వాళ్లదే.

కోదాడ_పోరడు:
ఇద్దరూ కొంచెం తగ్గండి.

క్లాక్‌టవర్_నెట్:
తగ్గను. నా వైపు కూడా వినండి. రెండేళ్ల కింద ఒక రైతు నా దగ్గర దరఖాస్తు చేయించుకుని పోయాడు. నాలుగు రోజులకు ఆయన పైసలు పోయినయి. కొడుకు పదిమందిని వెంటేసుకుని వచ్చి "ఫోన్ నీ చేతిలో పెట్టినాకే పోయినయి" అని బజారు మధ్యలో నా చొక్కా పట్టుకున్నాడు. స్టేషన్‌కి రెండుసార్లు తిరిగా. తర్వాత తేలింది, ఆయన ఎవరికో ఓటీపీ చెప్పాడట. ఎవరూ వచ్చి సారీ చెప్పలేదు. అప్పటినుంచి నా చేతిలోకి వచ్చిన ఫోన్లో అనుమానం ఉన్నది ఏదీ ఉంచను. మీరు దాన్ని పెత్తనం అంటారు. నాకది ప్రాణభయం.

పిల్లలమర్రి_నీడ:
అదే మొదటి మెసేజ్‌లో రాయాల్సింది. జనాల డేటా కోసమన్నారు. ఇప్పుడేమో మీ చొక్కా కోసమంటున్నారు.

క్లాక్‌టవర్_నెట్:
రెండూ.

డిండి_వాగు:
ఆ భయం నాకు అర్థమవుతుంది అన్నా. కానీ అడగండి. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు, పరీక్షకి చదివా. కోర్టు చెప్పినా చెప్పకపోయినా మా ఆడబిడ్డ అయితే అడగలేదు.

క్లాక్‌టవర్_నెట్:
అడిగితే "నీ ఇష్టం సారూ" అంటారు. అప్పుడేం చేయాలె? వెనక ఇరవై మంది లైన్లో ఉంటారు.

పిల్లలమర్రి_నీడ:
అప్పుడు ముట్టుకోకండి. అనుమానం ఉంటే పేరు ఒక చీటీ మీద రాసివ్వండి, ఇంట్లో పిల్లలు చూసుకుంటారు.

వనపర్తి_88:
ఆ కీబోర్డు వేసిందే పిల్లలు మేడం.

మిల్లు_లెక్కలు:
ఇంతసేపు కొట్లాడారు, ఏది వేసుకోవాలో ఒక్కరూ చెప్పలేదు.

కోదాడ_పోరడు:
హెలీబోర్డ్ అని ఒకటి ఉంది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, నెట్ అనుమతే పెట్టుకోదు, కాబట్టి ఏం చూసినా బయటికి పంపలేదు. తెలుగు లేఅవుట్ ఉంది. కానీ నేను వాడినంతలో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు చేయదు, తెలుగు అక్షరాలే నొక్కాలి. టీచర్ గారికి నచ్చదు.

పిల్లలమర్రి_నీడ:
నచ్చదు.

క్లాక్‌టవర్_నెట్:
మేడం, ఒకటి అడుగుతా. మీ నాన్నగారి మాటలు తిరిగి రావా? కీబోర్డు నేర్చుకున్న మాటలు అకౌంట్‌లో దాచేలా సింక్ చేసి ఉంటే కొత్తగా వేసినా వస్తాయి కదా. మీరు ఫోన్ తీసుకుని ఎప్పుడైనా నల్లగొండ వస్తే నేను కూర్చుని చూస్తా. పైసలు వద్దు.

పిల్లలమర్రి_నీడ:
సింక్ లేదు. 2016లో స్విఫ్ట్‌కీ అనే కీబోర్డు సింక్‌లో ఒకరి ఈమెయిల్ అడ్రసులు ఇంకొకరి సూచనల్లో కనబడి, కంపెనీ వాళ్లే కొన్నాళ్లు సింక్ ఆపేశారు. అది చదివినప్పటినుంచి నాకు భయం. నాన్న ఫోన్లో సింక్ నేనే ఆపేశా.

కోదాడ_పోరడు:
...

డిండి_వాగు:
నోట్స్‌లో రాసుకున్నవి ఉన్నాయి కదా మేడం? వాటిలోంచి ఒక్కో మాట తీసి కీబోర్డు డిక్షనరీలో ఎక్కించొచ్చు. నేను చేసిస్తా, నాకు సాయంత్రాలు ఖాళీయే.

పిల్లలమర్రి_నీడ:
ఉన్నాయి. నాన్నని అడిగి చెబుతా.

ఉప్పు_కారం:
యాడ్ ఎట్ల తీయాలో ఎవరైనా చెబుతారా ఇప్పుడు?