పరిచే దుప్పటి, తొడిగే దుప్పటి: క్రియ ఎక్కడ మారుతుంది?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న మామూలు దుప్పటికి నాలుగు మూలలూ కుట్టి, అంచుకు ఎలాస్టిక్ ఎక్కించి, పరుపు మీద నుంచి జారకుండా చేసుకునే పద్ధతిని తెలుగులో రాయాలనుకుంటున్నాను. మొదటి వాక్యంలోనే చిక్కు వచ్చింది. అలా కుట్టినదాన్ని అందరమూ ‘ఫిట్టెడ్ షీట్’ అనే అంటున్నాము. ‘బిగుతు దుప్పటి’ అని రాస్తే ఒంటికి బిగించి చుట్టుకునేదేమో అనిపిస్తోంది. దీనికి ఒదిగే మాటను, ఈ పనిలో వాడే ఇతర మాటలను తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు

నమస్కారమండీ. కొత్త పేరు వెదికే ముందు, ఆ బట్టతో మనం చేసే పనిని చెప్పే క్రియను చూడాలని నా అభిప్రాయం. దుప్పటిని పరుస్తాము, లేదా కప్పుకుంటాము. గలీబును మాత్రం తొడుగుతాము. ‘దిండుకు గలీబు పరిచాను’ అని తెలుగువారెవరూ అనరు. పరిచేదానికి పైభాగం, అడుగుభాగం తప్ప మరేమీ లేవు. తొడిగేదానికి ‘లోపల’ అనేది ఒకటి ఉంటుంది, వస్తువు అందులోకి దూరుతుంది. గలీబు అన్న మాటకు మూలమైన అరబీ ‘గిలాఫ్’కు కూడా ఒర, తొడుగు అనే అర్థాలే ఉన్నాయి.

ఈ లెక్కన మూలలు కుట్టిన దుప్పటిని ‘తొడుగు దుప్పటి’ అనవచ్చు. ‘పరుపు తొడుగు’ అనకూడదు, ఎందుకంటే ఆ మాట పరుపును అన్ని వైపులా మూసివేసి జిప్పుతో బిగించేదానికి ఇప్పటికే వాడుకలో ఉంది.

పరచడం తొడగడంగా మారే చోటు కుట్టుపనిలో కంటికి కనబడుతుంది. 75 అంగుళాల పొడవు, 60 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల మందం గల పరుపును తీసుకుందాం. పక్కన దిగడానికి 8, పరుపు కిందికి పోవడానికి 3, ఎలాస్టిక్ దూర్చే అంచు మడతకు 1, మొత్తం 12 అంగుళాలు ఒక్కొక్క వైపునా అదనంగా కావాలి కనుక దుప్పటి కొలత 99, 84 అంగుళాలు అవుతుంది. నూలు బట్ట తొలి ఉతుకులో కుంచించుకుపోతుంది కాబట్టి ఉతికి ఆరిన తరువాతే ఈ కొలత తీయాలి.

ఇక మూల దగ్గరికి వద్దాం. మంచి వైపు లోపలికి ఉండేలా మూలను ఐమూలగా మడిచి, రెండు అంచులనూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చోబెట్టాలి. మూల కొస నుంచి అంచు వెంబడి 12 అంగుళాలు కొలిచి గుర్తు పెట్టి, అక్కడి నుంచి మడత దాకా అంచుకు లంబంగా గీత గీయాలి. ఆ గీత పొడవు కూడా 12 అంగుళాలే రావాలి. రాలేదంటే మడత పక్కకు జరిగిందని అర్థం. గీత మీద ముందు టాకాలు వేసి, నాలుగు మూలలనూ పరుపుకు తొడిగి చూసుకుని, ఆ తరువాతే గట్టి కుట్టు వేయాలి. కుట్టుకు అర అంగుళం అవతల గుడ్డ ఉంచి మిగిలిన ముక్కోణాన్ని కత్తిరించవచ్చు. అంతవరకు పలకగా పడి ఉన్న గుడ్డకు ఈ ఒక్క కుట్టుతో ‘లోపల’ ఏర్పడుతుంది, క్రియ మారేది అక్కడే. ఎలాస్టిక్‌ను అంచు మడతలోకి పిన్నీసుతో దూర్చడం తొడిగినది ఊడకుండా పట్టి ఉంచడానికే.

మీ వ్యాసంలో ‘కుట్టులోకి పోవడం’ అన్న నుడిని తప్పక వాడండి. ‘అర అంగుళం కుట్టులోకి పోతుంది’ అంటే, కుట్టుకు అవతల అంచున అంత గుడ్డ ఉండిపోతుందని కుట్టేవారందరికీ తెలుస్తుంది, మరో పారిభాషిక పదం అక్కరలేదు. అలాగే ‘ఆది’. జాకెట్టు కుట్టించుకునేటప్పుడు కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టును ‘ఆది జాకెట్టు’ అంటున్నాము కదా. పరుపుకు చక్కగా పట్టిన పాత తొడుగు దుప్పటి ఉంటే దాన్నే ఆదిగా పెట్టుకోవచ్చు. ఎలాస్టిక్ ముడుచుకున్న చోట మాత్రం సాగదీసి కొలవాలి.

మరొక సభ్యురాలి జవాబు

పై వివరణతో ఏకీభవిస్తూ ‘దుప్పటి’ గురించి కొంత చేరుస్తాను. దీనికి ‘దుపట్టా’తో చుట్టరికం ఉంది, రెండింటిలోనూ రెండు అనే సంఖ్య, బట్ట అనే అర్థం కలిసి ఉన్నాయి. రెండు వెడల్పులను పక్కపక్కన చేర్చి కుట్టినది దుప్పటి. మగ్గం మీద అడ్డదారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే పనిముట్టును నాడె అంటారు. 1733లో ఇంగ్లండులో జాన్ కే ఎగిరే నాడెకు పేటెంటు పొందక ముందు, నాడెను ఒక చేత్తో విసిరి మరో చేత్తో అందుకోవలసి వచ్చేది కాబట్టి, ఒక మనిషి నేసే బట్ట వెడల్పు చేతులు అందినంత మేరకే ఉండేది. అంతకన్నా వెడల్పు కావాలంటే అతకడం తేలికైన దారి. కనుక ఇరుకైన దుప్పటికి పక్క గుడ్డ అతికి వెడల్పు చేసుకోవడం దాని పేరుకు తగిన పనే.

అయితే పరుపు మీద వేసేదానికి నడిమి అతుకు మంచిది కాదు, వీపు కింద ఒత్తుతుంది. ఒక నిండు వెడల్పును మధ్యలో ఉంచి, రెండవదాన్ని నిలువునా రెండుగా చీల్చి ఇరుపక్కలా అతికితే కుట్లు పక్కలకు పోతాయి. కప్పుకునేదానికి ఈ శ్రమ అవసరం లేదు.

అడిగినవారి ప్రశ్న

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘తొడుగు దుప్పటి’ అనే రాస్తాను. ఒక చిన్న సందేహం మిగిలింది. మూలలు కుట్టకుండా, నాలుగు కొసలకూ నాడాలు కుట్టి పరుపు కింద ముడివేసే పద్ధతి కూడా ఉంది. దాన్నీ తొడుగు అనవచ్చునా?

జవాబు

అనకూడదండీ. అందులో ‘లోపల’ లేదు. గుడ్డ పలకగానే ఉంటుంది. అది పరిచి కట్టే దుప్పటి. మూలలు కుట్టి, ఎలాస్టిక్‌కు బదులు అంచులో నాడా దూర్చి బిగిస్తే మాత్రం అది తొడుగే అవుతుంది.