‘ఉపవాసము’: ఎవరికి ఎవరు దగ్గరగా వసించుట?

‘ఉప’ అంటే సమీపము, ‘వాసము’ అంటే నివసించుట, కనుక ఉపవాసమంటే దేవునికి దగ్గరగా వసించుట అని శ్రమకాలపు (ఈస్టరుకు ముందు నలభై దినాల) కూడికల్లో ప్రసంగీకులు తరచుగా చెబుతుంటారు. ఇది బైబిలులో ఉన్న అర్థమేనా అని ఇక్కడ ఒక సభ్యులు అడిగారు. సంస్కృత పదానికి ఆ విరుపు సరైనదే గాని, బైబిలు మూలభాషల్లోని మాటలకు ఆ అర్థం లేదు. కొత్త నిబంధనలోని గ్రీకు మాట ‘నేస్తేయ’కు తినకుండుట అనే అర్థం. హీబ్రూలో ‘సోమ్’ అనే మాటతో పాటు ప్రాణాన్ని బాధపెట్టుకోవడం అనే పలుకుబడి కూడా ఉంది. యెషయా 58:3లో మన అనువాదకులు దానిని ‘మేము మా ప్రాణములను ఆయాసపరచుకొనగా’ అని దాదాపు మాటకు మాటగా తెచ్చారు.

సంస్కృతంలోనైనా దగ్గరికి వచ్చేది ఎవరన్నది చూడవలసిన విషయం. యాగవిధులను వివరించే వైదిక గ్రంథమైన శతపథ బ్రాహ్మణం ఆరంభంలోనే యాగానికి ముందురోజుకు ‘ఉపవసథము’ అనే పేరు ఎందుకు వచ్చిందో ఉంది. మరునాడు యాగం చేసే గృహస్థు (యజమాని) తమకు హవిస్సు ఇవ్వబోతున్నాడని ఎరిగిన దేవతలు ముందే అతని ఇంటికి వచ్చి అతని దగ్గర వసిస్తారట. ఇంటికి వచ్చిన మనుషులు భోంచేయకముందే గృహస్థు తినడం మర్యాద కానప్పుడు, దేవతలు తినకముందు తినడం ఎలా తగునని ఆ గ్రంథం వాదిస్తుంది. అంటే అక్కడ వచ్చి వసించేది దేవతలే. గృహస్థు తిండి మానడం అతిథి మర్యాద. ప్రసంగాల్లో వినబడే వివరణ ఈ దిశను తిప్పివేసి, మనిషి పస్తుండి దేవునికి చేరువవుతాడని చెబుతోంది.

ఈ తేడా పట్టింపు కోసం చెప్పడం లేదు, ఎందుకంటే యెషయా 58వ అధ్యాయపు వాదమంతా ఇక్కడే ఉంది. రెండో వచనంలో ‘దేవుడు తమకు ప్రత్యక్షుడు కావలెనని యిచ్ఛయింతురు’ అని తెలుగులో ఉన్నచోట హీబ్రూలో ఉన్నది దేవుని సామీప్యము అనే మాట. కాబట్టి ఆ జనులకు సామీప్యం మీద కోరికా ఉంది, ఉపవాసమూ ఉంది. అయినా ఉపవాసదినాననే తమ పనివారిచేత కఠినమైన పని చేయించుకుంటున్నారని ప్రవక్త నిలదీస్తాడు. ఏడో వచనంలో ‘నీ ఆహారము ఆకలిగొనినవారికి పెట్టుటయు’, ‘దిక్కుమాలిన బీదలను నీ యింట చేర్చుకొనుటయు’ తనకిష్టమైన ఉపవాసమని దేవుడు అంటాడు. ఇక్కడా ఇంటికి అతిథులు వస్తున్నారు, కాని వారు బీదలు. ఇదంతా జరిగిన తరువాతనే, తొమ్మిదో వచనంలో, పిలిచినవానికి దేవుడు ‘నేనున్నాననును’. ఆ సామీప్యం దేవునివైపు నుండి వస్తున్నదే గాని పస్తుతో మనిషి సంపాదించినది కాదు.

శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారపు ఆరాధనలో చాలా సంఘాలు 51వ కీర్తన చదువుతాయి. ‘స్థిరమైన మనస్సును నూతనముగా పుట్టించుము’ అనే ప్రార్థనను నలభై దినాలూ ధ్యానించేవారు దాని పక్కనే యెషయా 58ని కూడా పెట్టుకొని, వీలైతే పైకి వినబడేలా చదవాలని నా అభిప్రాయం. ఒకటి అంతరంగాన్ని గురించి అడుగుతుంది, రెండోది ఇంటి గుమ్మాన్ని గురించి. ప్రసంగీకులు కూడా తమ వ్యుత్పత్తిని మానుకోనక్కరలేదు, అది సంస్కృత పదానిదని ఒక మాట చెబితే చాలు.

‘ఉపవాసముండు’, ‘ఉపవాసము చేయు’ అనే రెండు ప్రయోగాల్లో ఏది సరైనదని మరొకరు అడిగారు. రెండూ సరైనవే. మత్తయి 4:2లో ‘ఉపవాసముండిన పిమ్మట’ అనీ, 6:16లో ‘మీరు ఉపవాసము చేయునప్పుడు’ అనీ ఉంది. గ్రీకులో రెండుచోట్లా ఉన్నది ఒకే క్రియ. వాడుకలో మాత్రం ఒక్కపొద్దు ఉన్నట్టే ఉపవాసమూ ‘ఉంటాము’.