అప్‌డేట్: 6.2/11.3 నిష్పత్తి అంత ఎక్కువ ఎందుకొచ్చిందో తేలింది

జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులోని మిరీ (మధ్య-పరారుణ పరికరం) వర్ణపటంలో పీఏహెచ్‌ల (బెంజీన్ వలయాలు కలిసిన కార్బన్ అణువుల) 6.2, 11.3 మైక్రాన్ల పట్టీల (ఆ తరంగదైర్ఘ్యాల దగ్గర అవి వెలువరించే కాంతి) నిష్పత్తి మరీ ఎక్కువగా వస్తోంది, అణువులన్నీ అయనీకరణ చెందినట్టేనా అని అడిగాను. కాదు. అసలు కారణం దారిలో ఉన్న ధూళి.

సిలికేట్ ధూళి 9.7 మైక్రాన్ల దగ్గర కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. వర్ణపటంలో దానివల్ల పడే గుంట వెడల్పైనది, 8.6, 11.3 పట్టీలను కూడా కిందికి లాగేస్తుంది. 6.2 పట్టీకి ఆ దెబ్బ తక్కువ. తటస్థ అణువుల గుర్తు 11.3, అయాన్ల గుర్తు 6.2 కాబట్టి, సవరించకుండా భాగిస్తే అయాన్లు లేనిచోట కూడా ఉన్నట్టే కనిపిస్తాయి. ముందు సిలికేట్ శోషణను సవరించాక నిష్పత్తి బాగా దిగింది.

రెండో పొరపాటు నేపథ్య రేఖది (పట్టీల అడుగున ఉండే కాంతిని తీసేయడానికి ఎంచుకున్న బిందువుల మీదుగా గీసే గీత). 11.3 పట్టీకి ఎరుపు వైపు పొడవాటి తోక ఉంటుంది. నేపథ్య బిందువును 11.4 దగ్గర పెడితే ఆ తోకంతా తెగిపోతుంది, 11.8 దాటాకే పెట్టాలి. 12.7 పట్టీని కొలిచేటప్పుడు 12.81 దగ్గరి నియాన్ అయాన్ గీతను తప్పకుండా తీసేయండి, సన్నటి సూదిలా పట్టీ మీదే నిలబడి ఉంటుంది.

స్ప్లైన్ పద్ధతిలో (నేపథ్యంగా నున్నటి వంపు గీసి, దాని పైనున్న కాంతిని కొలవడం) వచ్చిన విలువలను డ్రూడ్ ఆకారాలతో (ఒక్కో పట్టీకి వెడల్పాటి రెక్కలున్న గణిత వక్రాన్ని అమర్చడం) కొలిచినవాటితో పోల్చకండి. డ్రూడ్ రెక్కల్లోని కాంతినీ లెక్కిస్తుంది, అందుకే 7.7 పట్టీ బలం చాలా ఎక్కువగా వస్తుంది.

అణువుల పరిమాణం తేలాలంటే 3.3/11.3 నిష్పత్తి కావాలి. మిరీ 4.9 మైక్రాన్ల నుంచే మొదలవుతుంది, కనుక అదే చోటి నియర్‌స్పెక్ (వెబ్‌లోనే ఉన్న సమీప-పరారుణ వర్ణపట పరికరం) డేటా జతచేయాల్సిందే.