95 డిగ్రీల్లో ప్రాసెసర్: కంగారు పడాలా, వదిలేయాలా?

బెజవాడ_మేడమీద:
విజయవాడలో పై అంతస్తు ఇల్లు, గదిలో ఏసీ లేదు. మే నెల మధ్యాహ్నాలు గదిలోనే 37, 38 డిగ్రీలు ఉంటున్నాయి. నాది రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్, దానిమీద ఒంటి ఫ్యాను టవర్ కూలర్. బ్రౌజర్ ఒక్కటే తెరిచి ఉంటే 50 పైచిలుకు, ఆటలాడేటప్పుడు 80 దాకా. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో రెండర్ (తుది చిత్రం తయారీ) పెట్టానంటే మాత్రం చూస్తుండగానే 95కు ఎక్కి అక్కడే కూర్చుంటుంది. ఆగిపోవడం, తనంతట తానే రీస్టార్ట్ కావడం వంటివి లేవు. కొన్న దుకాణంలో అడిగితే, ఇలాగే వాడితే ఏడాదిలో పోతుందని, 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ వేయించుకోమని చెప్పారు. పది వేలకు పైమాటే. ఆ ఖర్చు నిజంగా అవసరమా?

వాట్లలెక్క:
మీకు అవసరం లేదు. దుకాణానికి అవసరం కావచ్చు.

2022లో ఈ శ్రేణి వచ్చినప్పుడే దీని తయారీదారు ఏఎండీ సంస్థ 95 డిగ్రీల దగ్గర పనిచేసేలా దీన్ని రూపొందించామని చెప్పింది. పాత ప్రాసెసర్లు ఒక వేగానికి కట్టుబడి ఉండేవి, వేడి దాని ఫలితం. ఇవి అలా కాదు. ఉష్ణోగ్రత హద్దో, విద్యుత్తు హద్దో ఏదో ఒకటి తగిలేవరకు వేగం పెంచుకుంటూనే పోతాయి. మీ ప్రాసెసర్‌కు విద్యుత్తు హద్దు 142 వాట్లు. అందులో ఎక్కువ భాగం ఖర్చయ్యే, లెక్కలు చేసే కోర్లున్న సిలికాన్ ముక్క వైశాల్యం సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. అంత చిన్నచోటి నుంచి అంత వేడిని లాగడమే కష్టం. దానికితోడు పాత తరం ఏఎం4 సాకెట్ కోసం చేసిన కూలర్లు కూడా సరిపోవాలని పైనున్న లోహపు మూతను మందంగా చేశారు. అందుకే 22 డిగ్రీల ఏసీ గదుల్లో ఖరీదైన లిక్విడ్ కూలర్లు పెట్టి పరీక్షించినవారికి కూడా 95 కనిపించింది.

మీరు చూడాల్సింది డిగ్రీలను కాదు, క్లాక్ వేగాన్ని. రెండర్ నడుస్తుండగా అన్ని కోర్లూ 4.5 గిగాహెర్ట్జ్‌కు పైన ఉంటే, కంపెనీ హామీ ఇచ్చిన కనీస వేగం కంటే మీకు ఎక్కువే అందుతున్నట్టు. దానికి దిగువన పడిపోతుంటే అప్పుడు కూలర్‌ను అనుమానించండి.

పాతమదర్‌బోర్డు:
కంపెనీ చెప్పింది కాబట్టి సరే అనుకోవడమేనా? ఇంటెల్ వారి 13, 14వ తరాల ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. అదీ మామూలే అన్నారు. తర్వాత ఏమైంది? ఆటల మధ్యలో ఆగిపోతున్నాయని జనం గోల పెట్టాక 2024 ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము) సవరణ ఇచ్చారు, వారంటీని రెండేళ్లు పొడిగించారు. లోపలి క్లాక్ సర్క్యూటు ఎక్కువ వోల్టేజీకి, ఎక్కువ వేడికి త్వరగా అరిగిపోతోందని ఇంటెలే చెప్పింది. ఆ వాక్యంలో వేడి అనే మాట కూడా ఉందని గమనించండి.

హద్దు అంటే దాటకూడని గీత. రోజంతా దాని మీదే నిలబడమని కాదు. పైగా డబ్బాలో ప్రాసెసర్ ఒక్కటే ఉండదు. మదర్‌బోర్డు మీద విద్యుత్తు సరఫరా చేసే భాగాలు, కెపాసిటర్లు, ఎస్ఎస్‌డీ అన్నీ ఆ వేడిగాలినే పీలుస్తాయి. 10 డిగ్రీలు తగ్గితే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపవుతుందనేది రిపేరు చేసేవారందరికీ తెలిసిన లెక్క. నేను బాగుచేసే పెట్టెల్లో ముందు పోయేవి అవే.

వాట్లలెక్క:
ఇంటెల్ ఉదాహరణ మీరే పూర్తిగా చెప్పలేదు. అసలు జబ్బు ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజీ అడగడం. తేలిక పనుల్లో, అంటే పెద్దగా వేడెక్కనప్పుడు కూడా అడిగేది. సవరణలు తగ్గించింది ఆ వోల్టేజీని. 100 డిగ్రీల హద్దును ముట్టుకోలేదు. వేడి పాత్ర అసలు లేదని నేను అనను, కానీ ఆ కథను 95 డిగ్రీల రైజెన్‌కు అతికించడం కుదరదు.

కెపాసిటర్ లెక్క నిజమే. అయితే అది కెపాసిటర్ వేడికి సంబంధించినది, ప్రాసెసర్ లోపలి సెన్సారు చూపే అంకెకు కాదు. సిలికాన్ 95లో ఉన్నప్పుడు మదర్‌బోర్డు కూడా 95లో ఉండదు కదా.

లాప్‌టాప్_బాధితుడు:
నా పాత ల్యాప్‌టాప్ కూడా 97 చూపిస్తోంది. అయితే నాదీ మామూలేనా? వీడియో కాల్‌లోనే ఫ్యాను హోరుమంటోంది, మౌసు కూడా నత్తనడక.

పాతమదర్‌బోర్డు:
మీది మామూలు కాదు, దీని మీద ఇద్దరం ఒప్పుకుంటాం. వీడియో కాల్‌కే అంత వేడెక్కి వేగం పడిపోతోందంటే గాలి దారి మూసుకుపోయింది. విప్పించి ఫ్యాన్‌కూ వేడిని వదిలే లోహపు రెక్కలకూ మధ్య పేరుకున్న దుమ్ము తీయించండి, ప్రాసెసర్ మీద ఎండిన థర్మల్ పేస్టు మార్పించండి. పరుపు మీద పెట్టుకుని వాడకండి.

బెజవాడ_మేడమీద:
చూశాను. రెండర్ సమయంలో 4.9 గిగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉంది. కానీ పని ఎక్కువసేపు నడిస్తే గదిలో కూర్చోలేకపోతున్నాను. లిక్విడ్ కూలర్ వేస్తే ఆ ఉక్క అయినా తగ్గుతుందా? నీళ్ల ఎయిర్ కూలర్‌ను కేబినెట్ వైపు తిప్పమని ఒకరు సలహా ఇచ్చారు.

రాత్రిరెండర్:
ఇంతసేపూ అందరూ డిగ్రీల గురించి కొట్టుకున్నారు. గదిని కాల్చేది డిగ్రీలు కాదు, వాట్లు. ప్రాసెసర్ 140 వాట్లు తింటే ఆ వేడంతా గదిలోకే వస్తుంది. మీ టవర్ కూలర్ రాగి గొట్టాల గుండా వచ్చినా, నీళ్ల గొట్టాల గుండా వచ్చినా మీ గది దృష్టిలో తేడా లేదు. ఇంకా చెప్పాలంటే, 95 తగిలినందుకు ఆగిన ప్రాసెసర్‌కు మెరుగైన కూలర్ ఇస్తే అది దొరికిన వెసులుబాటుతో మరికొన్ని వాట్లు తింటుంది. పది వేలు పెట్టి గదిని ఇంకొంచెం వేడి చేసుకున్నట్టు.

బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, తక్కువ విద్యుత్తుతో నడిపే ఎకో మోడ్ ఉంటుంది. 65 వాట్లది ఎంచుకోండి. పేరు 65 అయినా అసలు హద్దు 88 వాట్లు. ఎక్స్ లేని 7700 ప్రాసెసర్ కంపెనీ నుంచే ఈ హద్దుతో, పెట్టెలోనే కూలర్‌తో వస్తుంది. ఇన్ని వాట్లు కోసినా అన్ని కోర్ల పనిలో పోయే వేగం కొద్ది శాతమే, ఆటల్లో తేడా తెలియదు. పై కొసన ఉన్న ఆ చివరి వేగం కోసమే ఈ ప్రాసెసర్లు విపరీతంగా విద్యుత్తు తింటాయి.

నీళ్ల ఎయిర్ కూలర్ గాలి మాత్రం వద్దు. వేసవిలో విజయవాడ గాలిలో ఉన్న తేమ చాలు. కేబినెట్ పక్క తలుపు ఒకసారి తీసి చూడండి. ఆటల్లో వచ్చే 80 బాగా పడిపోతే మీకు లోటు గాలి దారిలో ఉంది, ముందువైపు ఒక ఫ్యాను చేర్చండి.

పాతమదర్‌బోర్డు:
ఎకో మోడ్ పనిచేస్తుంది, కాదనను. కానీ అదే వేగం కావాలనుకుంటే తక్కువ ధరకు 7700 కొనేవారు కదా? ఎక్స్‌కు డబ్బు కట్టి, దాన్ని తగ్గించి వాడుకోవడం నాకు మింగుడుపడదు. ఇక అన్ని ప్రాసెసర్లకూ 95 అనుకోకండి, ఇదే శ్రేణిలోని 7800ఎక్స్3డీకి హద్దు 89. ఎవరి ప్రాసెసర్ పేజీ వారు చూసుకోవాలి.

లిక్విడ్ కూలర్ విషయంలో మాత్రం దుకాణం పక్షాన నేను లేను. పంపు పోతే మొత్తం పారేయాలి, లోపలి ద్రవం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గుతుంది, చాలావాటికి మళ్లీ నింపే వీలుండదు. టవర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాను ఒక్కటే, కొన్ని వందలతో కొత్తది వస్తుంది.

బెజవాడ_మేడమీద:
ఎకో మోడ్ పెట్టాను. అదే రెండర్, అదే మధ్యాహ్నం వేళ: 80 దాటడం లేదు, ఫ్యాను చప్పుడూ తగ్గింది. రెండర్‌కు కొంచెం ఎక్కువ సమయం పడుతోంది, ఆటల్లో నాకైతే తేడా కనిపించలేదు. పాతమదర్‌బోర్డు గారూ, ఎక్స్ డబ్బు గురించి మీరన్నది నిజమే. డిసెంబరులో మళ్లీ 142కు తిప్పుకుంటాను, అప్పుడు ఆ వేడి పనికొస్తుంది కూడా.

పాతమదర్‌బోర్డు:
డిసెంబరులో తిప్పే ముందు కేబినెట్ దుమ్ము ఫిల్టర్ కడగండి.