సెలవుల్లో తక్కువ ఖర్చుతో పిల్లల్ని యాడికి తీసుకపోదాం? (కర్నూలు)

బి.క్యాంపు అమ్మ:
మా ఆయనది ప్రైవేటు కొలువు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. పాపకు పదకొండేళ్లు, బాబుకు ఏడు. సెలవులొస్తే మాల్‌కు పోదామంటారు. ఆ ఒక్క పూటకే నెల పాల డబ్బులన్నీ అయిపోతాయి. అట్లాగని పిల్లల్ని సెలవులంతా ఇంట్లో కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. మీరంతా ఏం చేస్తున్నారో చెప్పండి.

ఓర్వకల్లు రోడ్డు:
అక్కా, ముందు బస్సు సంగతి చూడండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో మీకూ పాపకూ ఛార్జీ లేదు. బాబుకు అర టికెట్, అన్నకు ఫుల్ టికెట్. ఇంతకుముందు ఛార్జీలు లెక్కేసుకునే మేము ఆగిపోయేవాళ్లం. ఇప్పుడు ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు పొద్దున్నే పోయి, ఎండ ముదరకముందే వచ్చేస్తున్నాం. లోపలికి టికెట్ ఉంది గానీ, ఆ రాళ్ల మధ్య మా పిల్లలు ఎంత తిరిగినా ఇంటికి రామంటారు. సూపర్ లగ్జరీకి ఉచితం వర్తించదు, బోర్డు చూసి ఎక్కండి.

ఆదోని కోడలు:
బయట తిండి దగ్గరే డబ్బు పోతుంది. మా ఇంట్లో ఆదివారం ఉగ్గాని, బజ్జీ అంటే పండగే. బొరుగులు నీళ్లలో వేసి వెంటనే పిండేయండి, నానితే ముద్దయిపోతాయి. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పసుపుతో తిరగమాత పెట్టి బొరుగులు కలిపి, దించేముందు పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండాలి. పొడి కొట్టే పని, నిమ్మకాయ పిండే పని పిల్లలకే ఇస్తాను. తాము చేసిందని ఇంకో ముద్ద ఎక్కువే తింటారు. మిగిలితే ప్రయాణంలో డబ్బాకు సరిపోతుంది.

అనంతపురం చెనక్కాయ:
మేము లేపాక్షి పోతాం. హిందూపురం దాకా ఒక బస్సు, అక్కడ ఇంకోటి. గుడికి టికెట్ లేదు. వేలాడే స్తంభం కింద టవలు ఒక పక్క దూర్చి ఇంకో పక్క లాగడం మా వాడికి ఎన్నిసార్లయినా చాలదు. ఒకే రాతిలో చెక్కిన నంది ఊరి దగ్గరే ఉంది. ఇంట్లో ఉడకబెట్టిన చెనక్కాయలు సంచిలో పోసుకుంటే బేకరీ వైపు చూడరు. కర్నూలు నుంచి మాత్రం దూరమే, చుట్టాలింట్లో రాత్రి పడుకునే వీలుంటేనే పెట్టుకోండి.

కడప పాఠకురాలు:
ఊళ్లు తిరగడం ఒక్కటే కాదమ్మా. ఎండాకాలం సెలవుల్లో గ్రంథాలయాల్లో పిల్లలకు శిబిరాలు పెడతారు, కథలు చెబుతారు, బొమ్మలు వేయిస్తారు. రుసుము ఉండదు. మీ జిల్లా గ్రంథాలయంలో ఏప్రిల్ ఆఖర్లోనే అడగండి. గండికోట మా వైపు అందరూ చెప్పేదే. లోయ అంచున కంచె లేని చోట్లున్నాయి, ఏడేళ్ల పిల్లోడి చెయ్యి వదలొద్దు. జమ్మలమడుగు నుంచి బస్సులు తక్కువ, ఆటో డబ్బులు విడిగా పెట్టుకోండి.

బి.క్యాంపు అమ్మ:
అందరికీ దండాలు. ఈ ఆదివారం ఉగ్గాని, ఆ తర్వాత ఓర్వకల్లు. యాగంటి గుడికి పోయినవాళ్లున్నారా? ఉచిత బస్సుకు ఆధార్ జిరాక్సు చాలా?

ఓర్వకల్లు రోడ్డు:
ఒరిజినలే పెట్టుకోండక్కా, కండక్టరుతో మాట రాదు. యాగంటికి బనగానపల్లెలో బస్సు మారాలి. కోనేట్లోకి నంది నోట్లోంచి నీళ్లు పడతాయి, పిల్లలకు ఒక జత బట్టలు ఎక్కువ తీసుకోండి. అగస్త్యుడి శాపంతో అక్కడ కాకులు వాలవంటారు. కాకి కనబడుతుందేమో చూడమంటే గుహల మెట్లన్నీ వాళ్లే ఎక్కేస్తారు.