గదిలో ముప్పావుగంట తొక్కగలను, రోడ్డు మీద ఐదు నిమిషాలు కూడా తొక్కలేకపోతున్నాను: ఈ భయం పోయే మార్గం ఉందా?

ప్రశ్న (పంపినవారు: కొత్తచక్రం)

నా వయసు 43 ఏళ్లు. చిన్నతనంలో సైకిల్ నేర్చుకోలేదు. ఇంట్లో ఉన్న కదలని వ్యాయామ సైకిల్‌ను ఏడెనిమిది నెలలుగా తొక్కుతున్నాను; ముప్పావుగంట తొక్కినా పెద్దగా ఆయాసం రాదు. ఆ ధీమాతోనే అసలు సైకిల్ కొన్నాను. ఖాళీ మైదానంలో రెండు వారాలు తంటాలు పడిన తరువాత తిన్నగా వెళ్లడం, విశాలంగా మలుపు తిరగడం వచ్చాయి. ఆ పై ఆదివారం రోడ్డెక్కాను. పట్టుమని ఐదు నిమిషాలు కాకముందే వెనక నుంచి ఒక లారీ వచ్చింది. అది నాకు తగినంత దూరంలోనే వెళ్లిందని ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోంది గాని, ఆ క్షణంలో శబ్దానికి భుజాలు బిగుసుకుపోయి, హ్యాండిల్ పక్కకు తిరిగి, సైకిల్ కంకరలోకి దిగిపోయింది. కాలు ఆనించి పడకుండా నిలదొక్కుకున్నాను. ఇంటిదాకా సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చాను.

అప్పటి నుంచి సీటు మీద కూర్చోగానే గుండె దడదడలాడుతోంది. వెనక్కి తిరిగి చూడబోతే సైకిల్ ఆ పక్కకే లాగేస్తుంది. ఒక చేయి వదలడం ఇంకా చేతకాదు. వీటన్నిటికీ తోడు, పదేళ్ల పిల్లలు నన్ను దాటుకుంటూ వెళ్లి వెనుదిరిగి చూస్తుంటే సిగ్గుగా ఉంటోంది. ఇన్ని నెలల సాధన వృథాయేనా? ఈ వయసులో మొదలుపెట్టి, ఇలాంటి భయాన్ని దాటినవారు ఉంటే ఏం చేశారో చెప్పగలరు.

జవాబు (పంపినవారు: పానాపట్టు)

వృథా కాదండి, కాకపోతే అది నేర్పింది సగమే. కదలని సైకిల్ కాళ్లకు, ఊపిరికి పని నేర్పుతుంది. అది ఒరగదు కాబట్టి ఒరిగినప్పుడు సర్దుకోవడం నేర్పలేదు. నడిచే సైకిల్ ఎటు ఒరిగితే ముందుచక్రం అటే కొద్దిగా తిరగాలి, అప్పుడే చక్రాలు మళ్లీ మన బరువు కిందికి వస్తాయి. తొక్కేవారికి తెలియకుండానే చేతులు ఈ చిన్న సర్దుబాట్లను ఎడతెగకుండా చేస్తుంటాయి. హ్యాండిల్‌ను ఉడుంపట్టు పట్టామంటే ఆ సర్దుబాట్లు ఆగిపోతాయి. లారీ వచ్చినప్పుడు మీకు జరిగింది అదే: భయం చేతుల్లోకి దిగింది, చేతులు సైకిల్‌ను కట్టేశాయి.

ఈ పనిలో కొంత భాగాన్ని సైకిల్ తనంతట తానే చేసుకుంటుంది. తగిన వేగం ఉంటే మనిషి లేకుండా వదిలిన సైకిల్ కూడా కొంతదూరం నిలబడి పోతుంది. చక్రాలు బొంగరంలా తిరగడమే దీనికి కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ ప్రభావాన్ని దాదాపు పూర్తిగా తీసివేసి కట్టిన నమూనా కూడా నిలబడి నడిచిందని 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, నడక వేగానికి పడిపోతే ఈ సాయం పోతుంది. భయపడ్డవారు నెమ్మదిగా పోతారు, నెమ్మదిగా పోతే సైకిల్ ఎక్కువ ఊగుతుంది, ఊగితే భయం ఇంకా పెరుగుతుంది. పరుగెత్తే మనిషి వేగం ఉంటే చాలు, ఈ గొలుసు తెగుతుంది.

ఓ వారం పాటు రోడ్డు మాట మరచిపోండి. రెండు పెడళ్లూ విప్పేసి, రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనేటంతగా సీటు దించి, కాళ్లతో నేలను తోస్తూ చాలా చిన్న వాలులో జారండి. 1817లో కార్ల్ డ్రైస్ తయారుచేసిన తొలి రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు, జనం కాళ్లతో తోసుకుంటూనే తిరిగారు. కాబట్టి ఇది చిన్నపిల్లల ఆట అనుకోనక్కరలేదు. పెడళ్లు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త: ఎడమ పెడలుకు మర తిరగబడి ఉంటుంది, అది విప్పాలంటే గడియారపు ముల్లు తిరిగే వైపే తిప్పాలి.

పెడళ్లు మళ్లీ బిగించాక సీటును అంత కిందనే ఉంచేయకండి. పెడలు అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ఆ ఎత్తులో సీటు మీద ఉండగా మునివేళ్లు తప్ప పాదం నేలకు అందదు, కొత్తవారిని భయపెట్టేది ఇదే. ఆగేటప్పుడు సీటు మీదే ఉండిపోకూడదు. ఒక పెడలు మీద నిలబడి, సీటుకు ముందుకు జారి, రెండో కాలు నేల మీద పెట్టాలి. ఇది ఒక్కటి అలవాటైతే మీ భయంలో సగం దిగిపోతుందని నా అంచనా.

జవాబు (పంపినవారు: మెల్లగా మలుపు)

పై సలహాకు బ్రేకులను చేర్చాలి. నేను 50 దాటాక నేర్చుకున్నాను. నా భయం పడిపోతానని కాదు, ఆపలేనేమోనని. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలనని తెలిసిన రోజున వేగం మీద ఉన్న బెదురు పోయింది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుచక్రం మీదికి వస్తుంది కనుక ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందుబ్రేకుదే. దాన్ని ఒక్కసారిగా గట్టిగా నొక్కితే మనిషి ముందుకు తూలిపోయే ప్రమాదమూ ఉంది. అందుకని రెండు బ్రేకులనూ కలిపి, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా నొక్కుతూ, నడుమును సీటు వెనక్కి జరపాలి. ఏ చేతి బ్రేకు ఏ చక్రానిదో అన్ని సైకిళ్లలో ఒకేలా ఉండదు, ఎక్కే ముందే చూసుకోండి. మైదానంలో నేల మీద గీత గీసి, దాని దగ్గరికి వచ్చాక నొక్కడం మొదలుపెట్టి, ఎంత దూరంలో ఆగారో అడుగులతో కొలవండి. రోజురోజుకూ ఆ దూరం తగ్గుతుంటే కలిగే ధైర్యం ఎవరి ఓదార్పు మాటలకూ రాదు.

వెనక్కి చూడబోతే సైకిల్ లాగేయడం అందరికీ జరిగేదే. తలతో పాటు భుజం తిరుగుతుంది, భుజంతో పాటు చేయి హ్యాండిల్‌ను లాగుతుంది. మోచేతులు వదులుగా వంచి, గడ్డాన్ని మాత్రమే భుజం దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లోవారిని వెనక నిలబెట్టి వేళ్లు చూపించమనండి, ఎన్ని వేళ్లో చెబుతూ గీత తప్పకుండా వెళ్లాలి. మొదట్లో నాకు రెండుకూ మూడుకూ తేడా తెలిసేది కాదు. ఇది కుదిరాక ఒక చేయి వదలడం కష్టం కాదు: ముందు ఒక వేలు, తరువాత అరచేయి, ఆ తరువాత చేయి చాచడం. అద్దం బిగించుకోవచ్చు గాని, మలుపుకు ముందు తిరిగి చూడడానికి అది బదులు కాదు.

ఇంకొకటి. చూపు ఎటు ఉంటే సైకిల్ అటే పోతుంది. గుంతను తప్పించుకోవాలని గుంతనే చూస్తూ ఉంటే నేరుగా అందులోకే దిగుతాం. నేను దిగాను.

జవాబు (పంపినవారు: అంచుకు దూరం)

మీ భయమంతా పోవాలని నేను అనను. పడతానన్న భయాన్ని సాధన తగ్గిస్తుంది, వాహనాల భయంలో కొంత మాత్రం న్యాయమైనదే. భయం పోవాలంటే రద్దీ రోడ్డు మీదికే దిగమని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. చేయి వదలడం, వెనక్కి చూడడం రానివారు రద్దీలో నేర్చుకునేది భయాన్నే.

కొత్తవారు రోడ్డు చిట్టచివరి అంచును పట్టుకుని పోతారు. అది క్షేమమనిపిస్తుంది గాని, కంకర, మురుగుకాలువ మూతలు, గాజుపెంకులు పోగయ్యేది అక్కడే. పైగా అంచున ఉన్నవారిని చూసి, అదే వరుసలో పక్కనుంచి దూరిపోవచ్చని వాహనదారులకు తోస్తుంది. అంచుకు కాస్త ఇవతల, వంకరలు పోకుండా ఒకే గీతలో వెళ్లండి. ఆగి ఉన్న కార్ల పక్కన కనీసం ఒక మీటరు ఎడం ఉంచండి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేం. కూడలి దగ్గర లారీకి, బస్సుకు పక్కన దూరి నిలబడవద్దు. దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే మీరూ ఆయనకు కనబడరు. పట్టాలు దాటేటప్పుడు వీలైనంత అడ్డంగా, లంబకోణంలో దాటండి. తడిసిన ఇనుప మూతల మీద, రోడ్డు గీతల మీద మలుపు తిప్పవద్దు, బ్రేకు వేయవద్దు. కష్టమైన కూడలి వస్తే దిగి నడిపించుకుంటూ దాటండి. ఇరవై ఏళ్లుగా తొక్కుతున్నవాణ్ణి, ఇప్పటికీ అలా దాటే కూడలి నాకు ఒకటుంది. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల ఎత్తులో కూర్చోవాలి. తల వెనక్కి జారిపోయిన హెల్మెట్ నుదుటిని కాపాడదు.

పెద్ద వాహనం పక్కనుంచి పోయినప్పుడు గాలి ముందు మనల్ని బయటికి నెడుతుంది, ఆ వెంటనే లోపలికి లాగుతుంది. ఇది ముందే తెలిసి ఉంటే కంగారు తక్కువ. శబ్దం వినగానే ఊపిరి వదిలి, మోచేతులు సడలించి, దూరంగా ముందుకు చూస్తూ తొక్కుతూనే ఉండండి.

దారి ఎంపికలో నా పద్ధతి ఒక్కటే. వాహనాలు తక్కువగా ఉండే వేళలో ఒకే చిన్న దారిని ఎంచుకుని, విసుగు పుట్టేదాకా దాన్నే తొక్కండి. భయం తారస్థాయిలో ఉండగా ఇంటికి తిరగకండి, పారిపోతేనే బతికామని మనసు లెక్క వేసుకుంటుంది. పక్కకు ఆగి, దడ తగ్గేదాకా నిలబడి, ఇంకో వంద మీటర్లు తొక్కి, అప్పుడు తిరగండి.

తిరిగి అడిగినవారు (కొత్తచక్రం)

అందరికీ కృతజ్ఞతలు. పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. ఎడమ పెడలు సంగతి చదివి కూడా అలవాటు కొద్దీ రెండో వైపే తిప్పి, ఇంకా బిగించి, చివరికి పొరుగువారి చేత విప్పించాను. ఐదు రోజులు పెడళ్లు లేకుండా జారాను. వేళ్ల లెక్కలో ఇప్పుడు పదికి ఏడెనిమిది సార్లు సరిగ్గా చెబుతున్నాను. నిన్న తెల్లవారుజామున రోడ్డు మీద రెండు కిలోమీటర్లు వెళ్లాను. ఒక బస్సు దాటింది. భుజాలు మళ్లీ బిగిశాయి, కానీ సైకిల్ గీత తప్పలేదు. కూడలి దగ్గర దిగి నడిచాను. సిగ్గు మాత్రం అలాగే ఉంది.

జవాబు (పంపినవారు: మెల్లగా మలుపు)

ఆ పిల్లల్లో ఒకరిని పిలిచి, వెనక నిలబడి వేళ్లు చూపించమని అడగండి. మా వీధి పిల్లవాడు నాకు నెల రోజులు చూపించాడు, తప్పు చెప్పినప్పుడల్లా కేకలు కూడా వేశాడు.