వంకలో పెట్టిన సెన్సర్లకి పాచి పడతా ఉంది, ఏం చేయాల?

అన్నలూ అక్కలూ, కొంచెం సాయం చేయండి. మాది పాకాల పక్కన పల్లె, మా చేలల్లోంచి పోయే వంక చివరికి స్వర్ణముఖిలో కలుస్తాది. టమాటాకి, చెరుకుకి యూరియా, డీఏపీ వేసినాక గట్టి వాన పడిందంటే కొన్నాళ్లకే గుంటల్లో నీళ్లు పచ్చగా అయిపోతాయి, గొర్రెలు తాగేది ఆ నీళ్లే, మేం తాగేది ఒడ్డున ఉండే బోరు నీళ్లు, భయమేసి చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డుతో పీహెచ్ (ఆమ్లమా క్షారమా), ఈసీ (నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతాదో), టర్బిడిటీ (నీళ్లు ఎంత మసకగా ఉండాయో) కొలిచే సెన్సర్లు కల్వర్టు కింద పైపులో కట్టినాం.

మొదటి వారం బాగుండె. ఆ తర్వాత టర్బిడిటీ రోజూ పెరుగుతానే ఉంది, నీళ్లలో చూస్తే అడుగున రాళ్లు కూడా తేటగా కనిపిస్తా ఉండాయి. బయటికి తీస్తే సెన్సర్ కంటి మీద జిగట పాచి. పాత టూత్‌బ్రష్‌తో తుడిస్తే సరిగ్గా చూపించింది, నాలుగు రోజులకి మళ్లీ అంతే. ఆ కంటిని దానంతటదే తుడిచే వైపర్ సొంతంగా చేసుకున్నోళ్లు ఎవరైనా ఉండారా? రాగి రేకు చుడితే పాచి తగ్గుతాదంటారు, పక్కనుండే ఈసీ రీడింగ్ చెడదా?

ఇంకోటి, ఈసీ మొత్తం ఉప్పుల సంగతే చెప్తాది, ఎరువుల్లోంచి వచ్చే నైట్రేట్ ఎంతో విడిగా చెప్పదు. తాగేనీళ్లలో లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు కదా. నైట్రేట్‌నే కొలిచే ఎలక్ట్రోడ్ కొందామంటే, ఉప్పులో ఉండే క్లోరైడ్ ఎక్కువుంటే తప్పు చూపిస్తాది, మావి ఉప్పునీళ్లే. వాన పడిన రోజు సీసాలో పట్టి, ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కి ఇచ్చేదే మేలా? చేసినోళ్లు చెప్పండి, వానలు మొదలయ్యేలోపల సరిచేసుకోవాల.